ఉగాదినాడు గీసిన నాలుగు గళ్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆ ఊరికీ కడపకూ నడుమ ఒక చిన్న బస్తీలో, కాలువ సెక్షనులో నేను సూపర్వైజరుగా పనిచేసేవాణ్ణి. ఉగాది సాయంత్రం మా ఆఫీసు అరుగు మీద పంచాంగం చదివించడం ఆనవాయితీ. పురోహితుడు ఒక్కొక్క రాశికీ నాలుగు అంకెలు చెప్పేవాడు: ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత. మొదటి రెండూ రైతులు శ్రద్ధగా వినేవారు. తరువాతి రెండింటికీ మా ఉద్యోగులు చెవులు రిక్కించేవారు. పైవాళ్ల దగ్గర దక్కే మర్యాద రాజపూజ్యం. దక్కే చీవాట్లు అవమానం. సర్కారు కొలువుకు ఇంతకన్నా సరిపోయే జమాఖర్చు ఇంకొకటి లేదు.

ఆ ఏడు నా రాశికి రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు వచ్చాయి.

మా హెడ్ గుమాస్తా నా వైపు తిరిగి, "వింటివా అప్పా? ఈ ఏడు నోరు కట్టేసుకోని ఉండు. నేను చెప్పేది కాదు, పంచాంగమే చెప్తాండాది," అన్నాడు. అరుగంతా నవ్వింది.

"ఆరేగదా. పోయినేడు ఏడు," అన్నాను.

"పోయినేడు పంచాంగంలో ఏడు వస్తే నీకు ఎనిమిది జరిగె గదప్పా!"

బెల్లం కలిపిన వేపపువ్వు పచ్చడి తిని, చేయి కడుక్కుని, నా గదికి వెళ్లాను. గట్టి అట్ట ఉన్న పొడుగు నోటుబుక్కు తీసి, కొత్త పేజీలో స్కేలు పెట్టి గీతలు గీశాను. నావీ నాలుగు గళ్లే. నేర్వవలసింది. చేసింది. తప్పింది. ఇంకా తెలియంది.

ఈ అలవాటు ఎందుకు వచ్చిందో చెప్పాలి. మద్రాసులో డిప్లొమా ముగించుకుని వచ్చి ఉద్యోగంలో చేరిన రోజున గుమాస్తా నా సర్వీసు పుస్తకం తెరిచాడు. అందులో చేరిన తేదీకి చోటుంది. బదిలీకి, ఇంక్రిమెంటుకు, సెలవుకు, శిక్షకు చోటుంది. పుట్టుమచ్చలకు కూడా చోటుంది. ఈ మనిషి చేరిన తరువాత ఏమైనా నేర్చుకున్నాడా అన్నదానికి మాత్రం ఎక్కడా గడి లేదు. నా కుడి మోచేతి మీది మచ్చ సంగతి ప్రభుత్వానికి తెలుసు. నాకు నేల ఎత్తుపల్లాలు చూసే లెవెలు యంత్రం సరిచేయడం వచ్చో రాదో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. ఆ గడి వాళ్లు గీయకపోతే నేనే గీసుకుంటానని ఆనాడే అనుకున్నాను.

చుట్టూ చూస్తే అందరూ మంచివాళ్లే, కష్టపడేవాళ్లే. కానీ డిప్లొమా చేతికి వచ్చిన రోజున ఎవరెవరు ఎక్కడ ఆగారో అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుండేది. "ఇంకేం నేర్చుకునేది? రిటైరు కావడమే నేర్చుకోవాల," అనేవాడు ఒక పెద్దాయన. సరదాకే అనేవాడు. నేను మాత్రం నవ్వలేకపోయేవాణ్ణి.

అందుకని ప్రతి ఉగాదికీ ఆ ఏడు ఏమి నేర్చుకోవాలో నేనే రాసుకునేవాణ్ణి. మొదటి ఏడు లెవెలు యంత్రం సరిచేయడం, పారే నీటి వేగం కొలవడం, రాళ్లు తోలే బండ్లవాళ్ల చీటీలు చదవడానికి ఉర్దూ అంకెలు. రెండో ఏడు పాత కాలువ పటాలు నకలు తీయడం, మట్టికట్టలో ఊట ఎక్కడ మొదలవుతుందో గుర్తించడం. ప్రతి పనికీ నాలుగు గళ్లూ నింపాలి. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పని నిజంగా చేయలేదని నాకు నేను పెట్టుకున్న నియమం. లెవెలు గురించి ఆ గడిలో ఇలా రాశాను: "ఎండ ఒక పక్క తగిలే చోట పెట్టి సరిచేశాను. బుడగ జరిగింది. శ్రమ వృథా. చెట్టు నీడలో మళ్లీ చేయాలి."

ఈ పుస్తకానికి ఆఫీసులో "సూపర్వైజరు పంచాంగం" అని పేరు పడింది. నేను కాదనలేదు. ఎవరు అడిగినా చూపించేవాణ్ణి.

అవమానం ఆరు వచ్చిన ఆ సాయంత్రం నాకు మూడో ఉగాది. మొదటి గడిలో ఒక్కటే పంక్తి రాశాను: "సిమెంటు పలకలు ఎందుకు విరుగుతున్నాయో నా చేత్తో తెలుసుకోవాలి."

మా ప్రాంతంలో బండలకు కరువు లేదు. ఇంటి నేలా బండే, గోడా బండే, పైకప్పూ బండే. పొలాలకు నీళ్లిచ్చే తూముల మీద కూడా బండలే పరిచేవారు. ఇకమీద సిమెంటు కాంక్రీటు పలకలు పోసి కప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పోశాం. శనక్కాయల బండి ఎక్కగానే ఒకటి విరిగింది. వారం తిరగకుండా ఇంకొకటి. ఆ బండి రైతు విరిగిన ముక్క చేతిలో పట్టుకుని ఆఫీసుకే వచ్చాడు.

"మా తాత పరిచిన బండలు ఇంగా అట్లనే ఉండాయి. మీ అప్పడాలు మీరే తినండి సామీ," అని ముక్కను నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

తప్పు సిమెంటుదని కాంట్రాక్టరు అన్నాడు. ఇసుకదని మేస్త్రి అన్నాడు. బండి బరువుదని మా ఇంజనీరు గారు అన్నారు. ముగ్గురూ గట్టిగా చెప్పారు. ముగ్గురిలో ఎవరూ పరీక్షించి చూడలేదు. నేనూ చూడలేదు. మద్రాసులో పరీక్షకు కాంక్రీటు గురించి పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నా బల్ల మీది ముక్కకు జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడు అది తెలుసుకోకపోతే నేనూ కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే అనిపించింది.

అదృష్టం కొద్దీ అప్పుడే ఒక సర్క్యులరు వచ్చింది. ఒక ఆనకట్ట పని దగ్గర కాంక్రీటు పరీక్షా కేంద్రం ఉంది, సబ్ డివిజనుకు ఒకరిని అక్కడికి శిక్షణకు పంపవచ్చు అని. నేను ఆ రోజే దరఖాస్తు పెట్టాను. ఇంజనీరు గారు పిలిచారు. ఆయనది ఈ జిల్లానే. మనిషి కోపిష్టి కాదు, పనిలో చురుకు. పై అధికారి అంటే మాత్రం భయం.

"నువ్వు ఏందో పుస్తకం రాస్తాండావంట. తెచ్చినావా?"

చేతిలోనే ఉంది. ఇచ్చాను. ఆయన మొదటి గడి చూసి తల ఆడించారు. రెండో గడి చూసి "బాగుండాది" అన్నారు. మూడో గడి పైకి చదవడం మొదలుపెట్టారు.

"బుడగ జరిగింది. శ్రమ వృథా... తేలే కర్ర గడ్డిలో చిక్కుకుంది, వేగం తప్పు వచ్చింది... ఊట అనుకున్నది ఎలుక బొరియ..." అని ఆగి నవ్వారు. "ఎలుక బొరియా?"

"అవును సార్."

"ఏమయ్యా, మా సబ్ డివిజను నుంచి పొయ్యేవాడు ఇట్లా తప్పుల పట్టీ మెడకు కట్టుకోని పోతే, ఆడుండేవాళ్లు నన్నేమనుకుంటారు?"

"అది నా పట్టీ సార్. మీది కాదు."

"నువ్వు యాడికి పోయినా నా మనిషివే." పుస్తకం నా వైపు జరిపారు. "ఈ మూడో గడి తీసేసి, మంచిగా తిరగరాసుకోని రా. సీటు ఇంగా ఖాళీగానే ఉండాది."

"మూడో గడి లేకపోతే రెండో గడికి విలువ లేదు సార్. చేశానని ఉంటుంది. వచ్చిందో రాలేదో ఉండదు."

"వచ్చిందనే రాసుకో. ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను సార్."

ఆయన ఫైలు తెరిచి చదువుకోసాగారు. ఇక వెళ్లమని అర్థం. ఆ సీటు పక్క సెక్షను సూపర్వైజరుకు ఇచ్చారు. అతనూ నేనూ ఒకే ఏడు చేరాం. ఆ సాయంత్రం నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నేను అడగలేదు బావా. నీ మీద ఒట్టు."

"నాకు తెలుసులే. పోయి రా. వచ్చినాక నాకు చెప్పు," అన్నాను. అతని మీద నాకు కోపం రాలేదు. గీతలు గీసిన పేజీ మీద మాత్రం పంతం పెరిగింది.

సరే, శిక్షణ ఇవ్వకపోతే సెలవు పెట్టి సొంత ఖర్చుతో వెళ్లి, ఆ కేంద్రంలో ఒక మూల నిలబడి చూసి వస్తాననుకున్నాను. సెలవు దరఖాస్తులో కారణం అనే చోట "కాంక్రీటు పరీక్షలు నేర్చుకొనుటకు" అని రాసి హెడ్ గుమాస్తాకు ఇచ్చాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"ఏందప్పా ఇది?"

"కారణం."

"ఇది కారణం కాదప్పా. కారణాలు నేను చెప్తా విను." వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "కడుపునొప్పి ఉండాది. అమ్మకు బాగలేదు ఉండాది. చెల్లెలి పెండ్లి ఉండాది. ఒంటిమిట్ట కల్యాణానికి మొక్కుబడి ఉండాది. కోర్టు వాయిదా ఉండాది. నేర్చుకునేది యాడా ల్యా."

"మా అమ్మ ఆరోగ్యంగా ఉంది."

"ఉండనీ అప్పా, చల్లగా ఉండనీ! కాయితం మీదనే గదా జరమొచ్చేది. నా సర్వీసులో మా అమ్మ ఎన్నిమార్లు మంచం పట్టిందో అడుగు. ఆమెకేమో ఇప్పుడు గూడా రోకలి ఎత్తితే ఈదంతా వినపడతాది."

"నా కారణం ఇదే. పంపించండి."

"కడుపునొప్పి అని రాయి. రేపే సంతకం పెట్టించుకొస్తా. నా మాట విను."

"నొప్పి లేదు."

"ఈ కాయితం పంపితే వస్తాదిలే," అన్నాడు ఆయన.

దరఖాస్తు తిరిగి వచ్చింది. ఎర్ర సిరాతో "కారణం సంతృప్తికరముగా లేదు" అని రాసి ఉంది. కడుపునొప్పి వాళ్లకు సంతృప్తికరం. నేర్చుకుంటానంటే కాదు. ఆ కాగితాన్ని నా పుస్తకంలో ఆ ఏటి పేజీకి అంటించాను. దాని కింద ఇలా రాశాను: "ఆదివారానికి దరఖాస్తు అక్కరలేదు."

అక్కడినుంచి నా ప్రణాళిక ఆదివారాల మీద నడిచింది. పుస్తకంలో వరుసగా వేసుకున్నాను. ఒకటి, ఆరంగుళాల ఘనాకారపు దిమ్మెలు పోయడానికి అచ్చులు సంపాదించాలి. రెండు, పని దగ్గర కలిపే కాంక్రీటుతోనే దిమ్మెలు పోయాలి. మూడు, వాటిని నొక్కి విరగ్గొట్టే యంత్రం ఎక్కడుందో కనుక్కోవాలి. నాలుగు, ఎందుకు విరిగిందో తేలేదాకా ఆపకూడదు.

అచ్చులు మొదట వడ్రంగి చేత చెక్కతో చేయించాను. సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి ఇసుకా కంకరా మిగిలాయి. మూడో గడి. తరువాత కమ్మరి చేత ఇనుప రేకులకు బోల్టులు వేయించాను. కారలేదు. యంత్రం కడపలో ఒక సాంకేతిక పాఠశాలలో ఉందని తెలిసింది. ఉత్తరం రాస్తే అక్కడి ల్యాబు ఇన్‌స్ట్రక్టరు ఒకటే ముక్కలో జవాబిచ్చాడు: "ఆదివారం నూనె వేయడానికి నేనెట్లాగూ వస్తాను. తీసుకురండి."

మిగిలింది నీళ్లు. దిమ్మె పోసిన తరువాత ఇరవై ఎనిమిది రోజులు నీళ్లలో నానాలి. నేను అద్దెకున్న ఇంటి అవ్వకు ఒక ఎనుము, అంటే పాడిగేదె, ఉండేది. దాని కోసం పెరట్లో ఒక రాతి తొట్టి. అందులో ఒక మూల నా దిమ్మెలు పెట్టుకోవడానికి అవ్వ మొదట ఒప్పుకుంది. రెండో రోజుకే పేచీ మొదలైంది.

"ఒరే అబ్బయ్యా, ఈ రాళ్లేమన్నా గుడ్లు పెడతాయా, ఇట్లా పొదిగిస్తాండావు?"

"నీళ్లలో ఉంటే గట్టిపడతాయవ్వా."

"నీళ్లలో ఉంటే ఏదైనా మెత్తపడతాది. గట్టిపడేది యాడన్నా ఉండాదా? మద్రాసు సదువు సదివి నాకు చెప్తాండావు."

"నిజం అవ్వా. సిమెంటు అంతే."

"మనుషులకు ల్యాని నీళ్లు రాళ్లకు పోస్తే పాపం తగులుతాది రా. ఆ బాయి అడుగున ఏముండాదో చూసినావా?"

చూశాను. ఎండాకాలంలో ఆ బావి నుంచి బిందె పైకి వచ్చేసరికి సగం బురదే. అవ్వ మాటను పుస్తకంలో రాసుకోలేదు కానీ లెక్కలోకి తీసుకున్నాను. నా స్నానం ఎండిన కాలువలో మిగిలిన గుంటలకు మార్చి, ఇంట్లో నా వంతు నీళ్లు తొట్టిలో పోశాను. అప్పటికీ ఒక ఆదివారం నేను ఊళ్లో లేనప్పుడు ఎనుము తొట్టి అడుగంటా తాగేసింది. దిమ్మెలు ఎండలో పడి ఉన్నాయి. మూడో గడిలో "ఎనుము" అని ఒక్క మాట రాశాను. ఆ దిమ్మెలు పారేశాను. ఇక నానబెట్టబోయేవాటికి ఒక పాత పీపా కొన్నాను.

కడపకు మొదటి విడత తీసుకువెళ్లిన దిమ్మెలు అచ్చం మా పలకల్లాంటివే: పని దగ్గర మేస్త్రి ఎలా కలుపుతాడో అలాగే కలిపి, నానబెట్టకుండా ఎండకు వదిలినవి. వాటిని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను. కండక్టరు సంచి ఎత్తబోయి వదిలేశాడు.

"ఏముండాదప్పా దీంట్లో?"

"రాళ్లు."

"యాడికి?"

"కడపకు."

కండక్టరు పెద్దగా నవ్వాడు. "కడపకు రాళ్లు మోసుకపొయ్యేటోన్ని ఇన్నేండ్లకు నిన్నే చూస్తాండా! ఆడ కొండలన్నీ అయిపాయనా?"

ముందు సీటులో తలగుడ్డ పెద్దాయన వెనక్కి తిరిగి, "ఊరికే నగద్దండి. దర్గాలో ఏదో మొక్కుబడి ఉంటాది. ఏం నాయనా, మొక్కుబడేనా?" అన్నాడు.

"అట్లాంటిదే," అన్నాను.

పాఠశాలలో ఇన్‌స్ట్రక్టరు చేతులకు నూనె మరకలతో ఎదురొచ్చాడు. యంత్రం మధ్యలో దిమ్మె పెట్టి చక్రం తిప్పాడు. సూది మెల్లగా కదిలింది. అది ఇంకా పైకి పోతుందనుకుంటుండగానే దిమ్మె పక్కలు ఊడి పొడిపొడిగా రాలిపోయింది. ఆయన ఒక పలుకు తీసి రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది కాంక్రీటు కాదు తమ్ముడూ, మైసూరుపాకు."

మిగిలినవీ అంతే. సిమెంటు తప్పా, ఇసుక తప్పా, బండి తప్పా అన్న ముగ్గురి వాదమూ అక్కడ తేలలేదు. కానీ బండి మీద నేరం మోపడానికి మాత్రం వీల్లేదని తేలింది. బండి ఎక్కకుండానే ఇది విరిగింది. తిరుగు బస్సులో సంచి ఖాళీగా ఉంది. అదే కండక్టరు. "మొక్కు తీరిందా అప్పా?" అన్నాడు. "ఇంగొకసారి మోయాల," అన్నాను.

తరువాతి విడతను రెండు రకాలుగా వేసుకున్నాను. ఒక రకం మేస్త్రి కలిపినట్టే కలిపి, పూర్తిగా నానబెట్టినవి. ఇంకో రకం నీళ్లు తగ్గించి గట్టిగా కలిపి, పూర్తిగా నానబెట్టినవి. అవి పీపాలో నానుతుండగా నేను పని దగ్గర మేస్త్రి పక్కనే నిలబడి పొద్దంతా చూశాను. చూస్తూ ఉంటే మా సీమ మనుషులం తప్ప ఇంకెవ్వరూ చేయని పొరపాటు ఒకటి కళ్లబడింది.

నీళ్లు ఎక్కడినుంచో బండి మీద పీపాల్లో వచ్చేవి. వడగాడ్పు కొడుతుండేది. ఇంకో బండి ఎప్పుడొస్తుందో తెలియదు. ఉన్న నీళ్లు ఆవిరైపోతాయేమో, కలిపింది ఆరిపోతుందేమో అన్న భయంతో మేస్త్రి పీపా నీళ్లన్నీ ఒకేసారి కలుపులో పోసేవాడు. సున్నంతో పని చేసిన చేతికి జారుగా ఉంటేనే ఇష్టం. పలక పోశాక మిగిలిన చెంబెడు ఎద్దులకు, మనుషులకు. ఆరిన పలక మీద నీళ్లు చల్లడమంటే అందరికీ ప్రాణం పోయినట్టుండేది. పోయకూడని చోట పీపాడు. పోయవలసిన చోట చుక్క లేదు. నీళ్లంటే ఇంత ప్రేమ ఉన్నవాళ్లే ఇలా చేయగలరు. కాలువలో ఏడాదంతా నీళ్లు పారే చోట ఈ తప్పు ఎవరికీ తోచదు.

తగరంవాడి చేత ఒక గరాటు లాంటిది చేయించాను. పైన సన్నం, కింద వెడల్పు. దాంట్లో కలుపు కూరి పైకి ఎత్తితే ఎంత జారుతుందో చూడాలి. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకు రెట్టింపు వయసు ఉంటుంది.

"ఏంది సామీ ఇది? కిరసనాయిలు పోస్తావా?"

"మేస్త్రీ, మీ ఇంట్లో సంగటి చేస్తారు గదా?"

"చేయకుండా! రోజూ అదే గదా."

"ముద్ద పెట్టినాక జారి గిన్నెంతా పరుచుకుంటే?"

"జారితే అది సంగటి యాడయితాది? అంబలి. అట్ల చేస్తే మా ఆడమనిషిని ఊర్లో నగరా?"

"అయితే ఇప్పుడు నీ కలుపు దీంట్లో కూరి, గరాటు ఎత్తు."

కూరాడు. ఎత్తాడు. కలుపు నాలుగు పక్కలా పారి పేడకడిలా చదునైంది. కూలీ ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు. మేస్త్రి వంగి దాన్ని వేలితో గెలికాడు.

"అంబలే," అన్నాడు. వెంటనే, "గట్టిగా కలిపితే కడ్డీలతో కుమ్మి కుమ్మి కూరాల సామీ. కూలోళ్లు తిడతారు," అన్నాడు.

"నా పేరు చెప్పి తిట్టమను."

"అంటారు. అనరనుకున్నావా?"

అన్నారు. నేను పక్కనే ఉండగానే అన్నారు. కానీ సంగటి పాకంలోనే కలిపారు.

పలకలు తడపడానికి మొదటి రోజు ఊరి బావి నుంచి రెండు పీపాలు తెప్పించాను. మూడో పీపాకు బండి వెళ్లేసరికి ఒకామె ఖాళీ బిందె నడుముకు పెట్టుకుని దారికి అడ్డం నిలబడింది. "మా బిందెలు గలగలమంటాండాయి. నీ బండకు తానాలా? నడువు ఎనిక్కి," అంది. ఆమెతో వాదించడానికి నా దగ్గర ఏ పుస్తకమూ లేదు. ఆమెదే న్యాయం. నీళ్లు ఆపేసిన కాలువ అడుగున అక్కడక్కడా గుంటలు మిగిలి ఉన్నాయి, పచ్చగా, తాగడానికి పనికిరానివి. ఉప్పగా ఉన్నాయేమోనని నోట్లో పోసుకుని చూశాను, లేవు. ఆ నీళ్లే డబ్బాలతో తోడించాం. పలకల మీద ఇసుక పరిచి, పైన గోనెపట్టలు కప్పి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిపాం. పట్టల కింద మధ్యాహ్నానికి కూడా తడి నిలిచింది. మూడో గడిలో రాశాను: "మంచినీళ్లు తెప్పించాను. తప్పు. గుంట నీళ్లు చాలు. గోనె లేకుండా తడపడం దండగ."

నానబెట్టినవి తీసుకుని మళ్లీ కడపకు వెళ్లాను. మేస్త్రి కలుపే అయినా నానినవి మొదటివాటికన్నా మెరుగు. గట్టిగా కలిపి నానబెట్టినవి పెట్టినప్పుడు సూది పాతచోటు దాటి, ఇంకా దాటి, ఇన్‌స్ట్రక్టరు చక్రం తిప్పుతున్న చేయి మార్చుకునేదాకా పోయింది. చివరికి పిడుగు పడ్డట్టు ఫట్టుమంది. ఆయన చెవిలో వేలు పెట్టి ఆడించుకుంటూ, "ఇదీ కాంక్రీటు," అన్నాడు. నాకు ఆ శబ్దం ఈనాటికీ చెవిలో ఉంది. నా దరఖాస్తు మీది ఎర్ర సిరాకు అది జవాబు అనిపించింది.

కొత్త పలకల మీద శనక్కాయల బండ్లు పోయాయి. విరగలేదు. అప్పడాల రైతు బండి దిగి, పలక మీద కాలితో రెండుసార్లు తన్ని, మళ్లీ బండెక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు ఇంజనీరు గారు జీపులో వచ్చారు. గోనెపట్టలు ఎత్తి చూశారు. కర్నూలు నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారట, ఈ పలకల సంగతి ఆయన చెవిన పడిందట.

"బాగా చేసినావు. ఆ పుస్తకంలోది మూడో గడి తప్ప మిగిలింది సాపు రాసి ఇయ్యి. కింద నేను సంతకం చేసి పెడతా."

"నాలుగూ రాసి ఇస్తాను సార్. మూడు ఇవ్వను."

"ఎనుము తాగిందని పెద్దాయనకు చూపిస్తావా?"

"ఎనుము తాగిన దిమ్మెలు పారేశామని తెలియకపోతే మిగతా దిమ్మెలను ఆయన ఎట్లా నమ్ముతారు సార్?"

"ఇది నా ఉత్తర్వు."

"అయితే కాగితం మీద ఇవ్వండి సార్. తప్పినవి తీసివేసి రాయవలెనని."

జీపు డ్రైవరు మాకు వీపు తిప్పి గట్టిగా దగ్గాడు. ఇంజనీరు గారి ముఖం ఎర్రబడింది.

"నీ ఏడాది రిపోర్టులో ఏం రాస్తానో తెలుసునా?"

"తెలియదు సార్. అది రహస్యం కదా. నా పుస్తకం రహస్యం కాదు. మీరు ఎప్పుడైనా చూడవచ్చు."

ఆయన జీపెక్కారు. నేను ఆ సాయంత్రమే నాలుగు గళ్లూ సాపు రాసి ఆఫీసులో ఇచ్చాను. అది ఎవరి ముందుకూ పోలేదు. పెద్ద అధికారి వచ్చిన రోజున కాలువ అటు చివర కట్ట చూసి రమ్మని నాకు పని చెప్పారు. ఆయన ఒక పలక మీద నిలబడి, చుట్టూ చూసి, మంచినీళ్లు తాగి వెళ్లారని తరువాత విన్నాను.

ఏడాది రిపోర్టులో మాట హెడ్ గుమాస్తా నాకు చెవిలో చెప్పాడు. "'తెలివి ఉండాది, వినయం ల్యా' అని రాసినాడప్పా. పురోహితుడు చెప్పిన రాజపూజ్యం ఒకటీ ఆ తెలివి. మిగిలింది నువ్వే లెక్కేసుకో."

"లెక్క సరిపోయింది," అన్నాను.

శిక్షణకు వెళ్లిన మిత్రుడు చలికాలంలో తిరిగొచ్చాడు. అక్కడ నేర్చుకున్నదంతా అక్షరం పొల్లుపోకుండా రాసుకొచ్చాడు. అతని సెక్షనులోనూ పలకలు పోయమన్నారు. పోశాడు. పగుళ్లు వచ్చాయి. ఉగాది ముందు రోజు పొద్దున నా గదికి వచ్చి కూర్చున్నాడు.

"ఆడ తొట్టెలు ఎంతుంటాయంటే, ఈత కొట్టొచ్చు బావా. గొట్టం తిప్పితే నీళ్లు. నీళ్లు ల్యాని చోట ఎట్ల తడపాలనేది ఎవురూ చెప్పల్యా. నీ పుస్తకం ఒకసారి ఇయ్యి."

"ఇస్తాను. కాని నాలుగు గళ్లూ రాసుకోవాల. అందులోనూ ముందు మూడోది."

"ముందు మూడోదేంది?"

"నీ పలకలు పగిలినందుకు జవాబు ఆడ ఉండాది గనుక."

అతను చదువుతూ మధ్యలో "ఎనుమా?" అన్నాడు. తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ తల వంచి రాసుకున్నాడు. గుంట నీళ్ల పంక్తి దగ్గర కలం ఆపి, "ఇది నేను పోయి చూసుకోవాల్సింది," అన్నాడు. రాయడం అయ్యాక సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీసి నా స్కేలు అడిగాడు. గీతలు గీస్తూ, "మూడో గడి ఇంత వెడల్పు కావాల్నా బావా?" అన్నాడు.

"మిగిలిన మూడింటికన్నా వెడల్పు గీయి. చాలదు," అన్నాను.

మరునాడు ఉగాది. సాయంత్రం నేను గదిలో కొత్త పేజీ తీసి మొదటి గడిలో రాస్తున్నాను: "పలకలో ఇనుప కమ్మీలు ఎక్కడ, ఎందుకు వేయాలో నా చేత్తో తెలుసుకోవాలి." కిటికీ బయట అరుగు మీద పంచాంగం మొదలైంది. హెడ్ గుమాస్తా గొంతు వీధి దాటి వచ్చింది.

"రాప్పా! నీ అవమానం చదువుతాండారు!"

"గీతలు గీస్తాండా. నా బదులు మీరే వినండి," అని కేకేసి, స్కేలు సరిగ్గా పెట్టుకుని, మూడో గడిని ఇంకొక వేలెడు వెడల్పు చేశాను.